పిల్లల పొలం ప్రయాణాలు: జమా ఖర్చుల వివరణ

మా బడిలో 6 నుంచి 9 ఏళ్ల పిల్లలు 60 మంది, ముప్ఫై మంది చొప్పున రెండు జట్లు. ఒక్కో జట్టు ఒకే పొలానికి మూడుసార్లు వెళ్లింది: విత్తడానికి, కలుపు తీయడానికి, పంట తీయడానికి. ఆ ఆరు ప్రయాణాల లెక్క ఇది. అసలు అంకెలు, రసీదులు, ఓచర్లు చిట్టా పుస్తకంలో ఉన్నాయి, ఎవరైనా అడిగి చూడొచ్చు. ఇక్కడ మాత్రం జమ మొత్తాన్ని నూరుగా తీసుకుని, నూటికి ఎన్ని వంతులు దేనికి పోయాయో చెబుతున్నాం. దేనికి ఎక్కువ పోయిందో అలా అయితేనే కళ్లకు కడుతుంది.

జమ: తల్లిదండ్రుల చందాలు 62, పూర్వ విద్యార్థుల విరాళాలు 23, నిరుటి నిల్వ 9, పాత కాగితాలు అమ్మగా వచ్చింది 6. చందా ఇవ్వలేని ఇళ్ల పిల్లలూ అందరితోపాటే వచ్చారు. దాతల పట్టీ పెట్టకపోవడానికి కారణం అదే. మూతలున్న ప్లాస్టిక్ సీసాలు, ఎండుటాకుల బస్తాలు ఉచితంగా వచ్చాయి కాబట్టి వాటికి విలువ కట్టలేదు.

ఖర్చు 86 వంతులు. అందులో బస్సుదే 41, అంటే దాదాపు సగం. ఇందులో 4 వంతులు వాన వల్ల ఆగిపోయిన రెండో విడతకు కట్టి తిరిగి రాని అడ్వాన్సు. నష్టమే, కానీ ఆపడం సరైనదే. నానిన నేల మీద ముప్ఫై జతల కాళ్లు తిరిగితే మట్టి అణగిపోయి వేళ్లకు గాలి అందదు, ఆ గట్టిదనం ఒక్క దున్నుతో పోదు. అయితే ఆ వాయిదా మూడో విడతనూ వెనక్కి నెట్టింది. మేం వేసిన ముల్లంగి రకాన్ని 45 రోజుల లోపు పీకాలి. పిల్లలు చేరేసరికి 58వ రోజు. సగానికి పైగా బెండుబారాయి. చిక్కుళ్లు మాత్రం చక్కగా దిగాయి. తేదీ జరిగే అవకాశం ఉన్నప్పుడు ముల్లంగిని నమ్ముకోకూడదు.

రైతుకు 14 వంతులు. ఇది పొలం అద్దె కాదు. మూడు మళ్లు మనకు వదిలినందుకు, రెండు రోజుల పనికి, తొక్కుడు పడిన మొక్కలకు. మొదటి విడతలో మళ్లు 120 సెంటీమీటర్ల వెడల్పున ఉన్నాయి. ఈ వయసు పిల్లల చెయ్యి ఒక పక్క నుంచి 45 సెంటీమీటర్లే అందుతుంది, మధ్యకు అందక మడిలోకే దిగారు. రైతు వాటిని 90కి కుదించి, నడవడానికి 50 సెంటీమీటర్ల దారి వదిలి తాడు కట్టాక తొక్కుడు ఆగింది.

పనిముట్లకు 12. చేతి పారలు 15, ఇద్దరికి ఒకటి: ఒకరు తవ్వితే ఒకరు విత్తుతారు. మొక్కలకు నీళ్లు జల్లే రెండు లీటర్ల రోజ్‌క్యాన్లు 8. చవకని కొన్న అయిదు లీటర్లవి రెండూ మూలన పడ్డాయి. నింపితే అయిదు కిలోలు దాటుతుంది, మోయలేక పిల్లలు ఒక్కచోటే ఒంపేస్తారు, విత్తనాలు కొట్టుకుపోతాయి. పైగా ప్రతి ఒక్కరూ తలా ఒకసారి పోస్తే నారుకుళ్లు, అంటే లేత మొలకలు మొదట్లో కుళ్లి పడిపోయే తెగులు, ఖాయం. రెండో విడత నుంచి మడికి ఇద్దరినే నీళ్లకు పెట్టాం.

విత్తనాలకు, చివికిన పశువుల ఎరువుకు 4. అందులో ఒక వంతు మా పొరపాటు. రంగు పూసిన విత్తనాలు కొన్నాం. ఆ రంగు విత్తనశుద్ధి చేసిన మందుకు గుర్తు, వాటిని పిల్లల చేతికి ఇవ్వకూడదు. పక్కన పెట్టి మందు పూయనివి తెచ్చాం. విత్తే ముందు పది గింజలు తడిగుడ్డలో చుట్టి చూస్తే ఎనిమిది మొలిచాయి. అయినా ముల్లంగి మొలక పలచగా వచ్చింది. పిల్లలు వేలంతా దింపి గుంట చేశారు మరి! గింజ మందానికి రెండు మూడు రెట్ల లోతు చాలు. ఇప్పుడు పుల్లల మీద గీతలు పెట్టించాం: ముల్లంగికి 1 సెంటీమీటరు, చిక్కుడుకు 3.

చేతుల శుభ్రత, తాగునీరు, ప్రథమ చికిత్స కలిపి 7. శానిటైజర్ ఎందుకు కొనలేదని అడిగారు. మట్టి అంటిన చేతుల మీద అది సరిగా పనిచేయదు, పేడలో ఉండగల కొన్ని క్రిములను అసలు చంపదు. పశువుల కొట్టం నుంచి రాగానే, తినే ముందు సబ్బుతో 20 సెకన్లు కడిగించాం. ఆరుగురు పిల్లలకు ఒక పెద్ద. పురుగుమందు ఎప్పుడు కొట్టారో ముందే అడిగి, డబ్బా మీద రాసిన గడువు దాటాకే పొలంలో దింపాం.

భూతద్దాలు, తాడు, వాన కొలిచే సీసాలకు 5. అన్నిటికంటే ఎక్కువ నేర్పింది ఈ అయిదే. సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్లు పోసి కుదిపితే ఇసుక నిమిషంలో అడుగుకు చేరుతుంది, ఒండ్రుకు గంటలు పడుతుంది, బంకమన్ను మర్నాటికీ పూర్తిగా తేరదు. మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. 90 సెంటీమీటర్ల వెడల్పు, 3 మీటర్ల పొడవు మడి మీద 10 మిల్లీమీటర్లు కురిస్తే 27 లీటర్లు, అంటే మన క్యాన్లు పదమూడున్నర. పిల్లలే లెక్క కట్టారు.

అచ్చు కాగితాలకు 3. మట్టి చేతులతో ఎవరూ రాయలేదు, ఇక అచ్చు వేయించం.

నిల్వ 14. దీంతో బడి ఆవరణలోనే రెండు మళ్లు, ఒక కంపోస్టు తొట్టి పెట్టాలని కమిటీ ప్రతిపాదన. అప్పుడు బస్సు విత్తడానికి, కోతకు మాత్రమే కావాలి. తొట్టిలో మూడు పాళ్లు ఎండుటాకు, ఒక పాలు పచ్చి చెత్త. పిండిన గుడ్డలా చెమ్మగా ఉండాలి. కుళ్లిన గుడ్ల వాసన వస్తే గాలి ఆడటం లేదని, ఎండుటాకు కలిపి తిరగేయాలి.

లెక్కలను కమిటీలో లేని ఇద్దరు తల్లిదండ్రులు సరిచూసి సంతకం చేశారు. చేతి పారలు 15లో 13 తిరిగొచ్చాయి. మిగతా రెండూ ఏ ఇంట్లోనైనా సంచి అడుగున ఉంటే పంపించండి.