ఇక మన క్లాసులో ఎవరి కాళ్ళూ తొక్కం

అమ్మలకీ నాన్నలకీ, పొద్దున్న బ్యాచ్ పెద్దవాళ్ళకీ నమస్కారం.

ఈ నెల నుంచి మన తైక్వాండో క్లాసులో వచ్చిన మార్పులు చూసి చాలామంది అడుగుతున్నారు. "మాస్టారూ, స్ప్లిట్ తీసేశారట, బెల్ట్ టెస్ట్‌లో ఇంక అడగరా?" అని. స్ప్లిట్ అంటే కాళ్ళు రెండూ పూర్తిగా చాపి నేలకు ఆనించడం. ఒకాయన నవ్వుతూనే "మీరు మెత్తబడిపోయారండీ" అన్నారు. గేటు దగ్గర బండి ఆపుకుని రెండు ముక్కల్లో తేల్చే సంగతి కాదిది. పైగా తప్పు నాది. అందుకే రాసి పెడుతున్నాను.

ముందు డబ్బుల విషయం. వేసవి సెలవులకు ముందు గేటుకు ఒక బోర్డు కట్టాం, గుర్తుందా? "మండలం రోజుల్లో ఫుల్ స్ప్లిట్" అని. 40 రోజులు, 2,500 రూపాయలు. దీక్షలా వినిపిస్తుంది, జనానికి గుర్తుంటుంది అని ఆ మాట కనిపెట్టింది నేనే. 23 మంది చేరారు. 40 రోజులయ్యాక నేల తాకింది ఆరుగురు. ఆ ఆరుగురిలో నలుగురికి చేరిన రోజే జానెడు దూరం మిగిలి ఉంది, అంతే. అంటే నా గొప్పతనం అందులో ఎంతో మీకే తెలుస్తుంది. మిగతా 17 మందికీ డబ్బు వెనక్కి ఇస్తున్నాను. 12 మందికి ఫోన్‌పేలో వేసేశాను, ఐదుగురికి నెలాఖరులోపు వేస్తాను. బోర్డు దించేశాం. రేకు గట్టిగానే ఉందని వెనక్కి తిప్పి టైమింగ్స్ రాయించాను.

తొక్కించడం అంటే ఏమిటో కొత్తగా చేరినవాళ్ళకు చెప్పాలి. పిల్లాడిని గోడకు వీపు ఆనించి కూర్చోబెడతాం. ఇద్దరు సీనియర్లు చెరో కాలూ పట్టుకుని పక్కలకు లాగుతారు. ఇంకొకడు తొడల మీద మోకాళ్ళు మోపి నొక్కుతాడు. మాస్టారు వంద దాకా లెక్కపెడతారు. డెబ్భై దాకా వచ్చి, మళ్ళీ అరవై నుంచి మొదలుపెడతారు. అది ఆయన సరదా. 1990లలో నేను తైక్వాండో నేర్చుకున్నది ఇలాగే. మా మాస్టారు చెడ్డవాడేం కాదు, ఆయన్నీ ఎవరో అలాగే తొక్కారు. అప్పుడు నా గజ్జల్లో మొదలైన నొప్పి ఇప్పటికీ చలికాలంలో వచ్చి పలకరించి పోతుంది. అయినా క్లాసు పెట్టిన 14 ఏళ్ళూ నేనూ అదే చేయించాను. అరవైకి వెనక్కెళ్ళే సరదాతో సహా.

ఏప్రిల్ చివరి వారంలో ఒక సాయంత్రం. మండలం బ్యాచ్‌లో 14 ఏళ్ళ పిల్లాడు ముందుకాలి మడమను ఇటుక మీద పెట్టి ఫ్రంట్ స్ప్లిట్‌లోకి దిగుతున్నాడు. దసరాకి కుట్టించుకున్న దోబోక్ (తైక్వాండో డ్రెస్సు) ప్యాంటు మడమ పైకి మూడు వేళ్ళు ఎక్కేసి ఉంది. అది నేను చూశాను, చూసి నవ్వాను కూడా. "ఇంకో బెత్తెడే రా" అంటూ నడుం మీద చెయ్యి వేసి నొక్కాను. టప్ మంది. ఎండిన కందికట్టె విరిచినట్టు. పక్కనున్న వాళ్ళకు వినబడలేదు, నాకూ వాడికీ వినబడింది. వాడు కేక పెట్టలేదు. పక్కకు ఒరిగి, "మాస్టారూ, కూర్చోలేకపోతున్నా" అన్నాడు.

ఎక్స్‌రేలో పిరుదు కింద, మనం కూర్చుంటే నేలకు ఆనే ఎముక దగ్గర, చిన్న పలుకు ఊడి పక్కకు జరిగి కనబడింది. తొడ వెనక ఉండే హ్యామ్‌స్ట్రింగ్ కండరం అక్కడే అతుక్కుని ఉంటుంది. పెద్దవాళ్ళకైతే ఇలాంటప్పుడు కండరం చిట్లుతుందట. ఎదిగే పిల్లల్లో ఆ అతుకు దగ్గర ఎముక ఇంకా ముదరదు, లేత కొబ్బరిలా ఉంటుంది. అందుకే కండరం తెగకుండా ఎముకనే పెరుక్కుని వస్తుంది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. కొన్ని వారాలు చంకకర్రలు, మూడు నెలలు పరుగులూ కిక్కులూ బంద్. వాళ్ళ నాన్నగారు నన్ను ఒక్కటే అడిగారు. "మీరే నొక్కారా మాస్టారూ?" అవునండి అన్నాను. ఆయన అరిచి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. బిల్లు మొత్తం నేనే కట్టాను.

ఆ రోజు నుంచి ఎవరినీ నొక్కలేదు. జూన్, జులై రెండు నెలలూ ఒక ఫిజియోథెరపిస్ట్ దగ్గర, వారానికి రెండు మధ్యాహ్నాలు, కుర్రాడిలా నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నాను. ఈ మార్పులన్నీ అక్కడ నేర్చుకున్నవే.

మొదటిది ప్యాంటు అంచు. ఆడపిల్లలు సుమారు 11, 12 ఏళ్ళప్పుడు, మగపిల్లలు 13, 14 ఏళ్ళప్పుడు గబగబా పొడుగవుతారు. ముందు ఎముక సాగుతుంది, కండరం వెనకబడుతుంది. అందుకే నిరుడు వంగి కాలివేళ్ళు పట్టుకున్న పిల్లాడు ఈ ఏడు మోకాలి దగ్గరే ఆగిపోతాడు. వాడికి బద్ధకం అని నేను మీలో ఎంతమందితో అన్నానో. అది బద్ధకం కాదు, మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇప్పుడు ప్యాంటు పొట్టయిన పిల్లలకు స్ట్రెచింగ్ సగానికి తగ్గిస్తాను. మీరూ కొత్త ప్యాంటు కుట్టించేటప్పుడు నాకొక మాట చెప్పండి.

రెండోది, సైడ్ స్ప్లిట్, అంటే కాళ్ళు చెరో పక్కకు చాపేది, అందరికీ రాదు. తుంటి దగ్గర తొడ ఎముక గుండు ఒక గిన్నెలో కూర్చుని ఉంటుంది. ఆ గిన్నె కొందరికి లోతు, కొందరికి పల్చన. గుండు కింద ఎముక మెడ వంపు కూడా మనిషి మనిషికీ తేడా. లోతు గిన్నె ఉన్నవాడి కాలు పక్కకు వెళ్ళీ వెళ్ళీ ఒకచోట ఎముకకు ఎముక తగులుతుంది. అక్కడ నుంచి ఎన్ని మండలాలు తొక్కినా ఏం లేదు. ఒకే కంచంలో తిన్న అన్నదమ్ములు మన క్లాసులోనే ఉన్నారు, చిన్నవాడు నేలకు అతుక్కుపోతాడు, పెద్దవాడికి మూరెడు ఖాళీ ఉంటుంది. పెద్దవాడే ఎక్కువ కష్టపడతాడు.

మరి తల ఎత్తుకు కిక్ ఎలా అంటారు. తెలుసు, పోటీలో ఛాతీకి కట్టుకునే గార్డు మీద కిక్ తగిలితే 2 పాయింట్లు, తలకు తగిలితే 3. మీ టెన్షనంతా ఆ ఒక్క పాయింటు గురించే. నిజం చెప్పాలంటే, కాలు లేవడం లేదని నేను తొక్కించిన పిల్లల్లో సగం మందికి బిగువు అసలు సమస్యే కాదు. నేల మీదున్న కాలు తిప్పడం లేదు. డోల్యో చాగీ, అంటే పక్క నుంచి తిప్పి కొట్టే కిక్, కొట్టేటప్పుడు నిలబడ్డ కాలి మడమ ఎదుటివాడి వైపు తిరగాలి. అది తిరిగితేనే తుంటి తెరుచుకుంటుంది, కాలికి దారి దొరుకుతుంది. మొన్న ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి ఏడాదిగా నడుం దగ్గరే ఆగిపోతోంది. మ్యాట్ మీద సుద్దతో మడమ ఎక్కడికి రావాలో గీసి చూపించాను. పది నిమిషాల్లో ఆ పిల్ల కాలు నా భుజం దాటింది. ఏడాది ఫీజు తీసుకుని చెప్పనిది పది నిమిషాల సుద్దముక్కతో వచ్చింది. సిగ్గనిపించింది.

ఇక క్లాసు వరస. ఇంతకుముందు వచ్చీరాగానే, ఒళ్ళు ఇంకా వెచ్చబడకుండానే, 20 నిమిషాలు కాళ్ళు చాపించి ఒక్కో భంగిమలో రెండేసి నిమిషాలు ఉంచేవాళ్ళం. ఆ వెంటనే కిక్కులు. ఇది తలకిందుల పద్ధతి. ఒకే కండరాన్ని నిమిషానికి మించి లాగి పట్టి ఉంచితే ఆ తర్వాత కాసేపు దాని జోరు తగ్గుతుంది. మనం పిల్లల కాళ్ళను మొద్దుబార్చి, ఆ పైన గట్టిగా కొట్టరా అని అరిచేవాళ్ళమన్నమాట. ఇప్పుడు ముందు స్కిప్పింగ్, బస్కీలు, తర్వాత కాలు ఊపడం. మోకాలి ఎత్తుతో మొదలుపెట్టి నడుం, ఛాతీ దాకా, విసురు లేకుండా. ఇందులో కొత్తేం లేదు. కేరళ కలరిపయట్టు వాళ్ళు కాలు పైకి ఊపి, చాచిన చేతికి తాకించడంతోనే రోజు మొదలుపెడతారు. మన అమలాపురం దసరా తాలింఖానాలో కర్ర తిప్పే పెద్దవాళ్ళను చూడండి, ఎవరూ గోడకు ఆనుకుని కాళ్ళు తొక్కించుకోరు.

కూర్చుని చేసే స్ట్రెచింగ్ అంతా ఇప్పుడు చివరి 15 నిమిషాల్లో, చెమటలు కారుతున్నప్పుడు. ఒక్కోటి 30 సెకన్లు, రెండు మూడు సార్లు. పొద్దున్న బ్యాచ్‌కు తువ్వాలు పని కూడా ఉంది. వెల్లకిలా పడుకుని పాదానికి తువ్వాలు వేసి, మోకాలు వంచకుండా కాలు ఎత్తాలి. ఆగిన చోట ఆ కాలితో తువ్వాలును కిందికి, సగం బలంతో, ఆరు సెకన్లు తోయాలి. వదిలేసి ఊపిరి విడిస్తే కాలు దానంతటదే రెండు వేళ్ళు పైకి వస్తుంది. 1940లలో అమెరికాలో పోలియో, పక్షవాతం రోగుల కోసం మొదలైన వైద్యంలోంచి వచ్చిందిది. ఇక్కడ నొక్కేవాడు ఎవరూ ఉండరు, తువ్వాలు మీ చేతిలోనే ఉంటుంది.

బెల్ట్ టెస్ట్‌లో స్ప్లిట్ బదులు గోడ మీద సుద్దగీత పెట్టాం. చేత్తో పట్టి ఎత్తితే భుజం దాకా వెళ్ళే కాలు, చెయ్యి వదలగానే నడుం దగ్గరికి జారిపోతుంది. ఆ రెంటి మధ్య ఖాళీ అంతా బలం లేకపోవడమే, బిగువు కాదు. అందుకని కుర్చీ పట్టుకుని సైడ్ కిక్ నెమ్మదిగా చాపి ఐదు సెకన్లు ఆపాలి. మడమ ఎక్కడుంటే అక్కడ గీత. వచ్చే టెస్ట్‌కి గీత పైకి జరిగిందా లేదా, అదే మార్కు. పక్కవాడి గీతతో మనకు పని లేదు.

పొద్దున్న బ్యాచ్ సార్లకు విడిగా ఒకటి. మా అమ్మకు 68 ఏళ్ళు, స్ట్రెచింగ్ అన్న మాటే తెలియదు. మడమలు నేలకు ఆనించి గొంతుక్కూర్చుని, కత్తిపీట ముందు పెట్టుకుని అరగంట సేపు చేపలు కోస్తుంది. మీలో 19 మందిని అలా కూర్చోమంటే ఇద్దరు కూర్చున్నారు, మిగతావాళ్ళ మడమలు లేచిపోయాయి, ఒకరు వెనక్కి పడ్డారు. మీకు ముందు కావాల్సింది స్ప్లిట్ కాదు, మా అమ్మ కూర్చునే తీరు. కిటికీ చువ్వ పట్టుకుని రోజూ రెండు నిమిషాలు ఇంట్లో కూర్చోండి. తొడ మధ్యలో లాగినట్టు ఉంటే పర్లేదు. గజ్జ ముందు భాగంలో గిల్లినట్టున్నా, కూర్చునే ఎముక దగ్గర పోటు వచ్చినా, మోకాలి లోపలివైపు నొప్పి అనిపించినా అక్కడే ఆపేయండి.

క్లాసు 60 నిమిషాల నుంచి 75 అయింది. అందుకని వచ్చే నెల నుంచి ఫీజు 1,000 బదులు 1,100. హాలు అద్దె గంటల లెక్కన కడుతున్నాను, తప్పలేదు. ఈ మార్పుల వల్ల 11 మంది మానేశారు. రీల్స్‌లో స్ప్లిట్ చూపించే చోటికి వెళ్ళారని తెలుసు. వాళ్ళ మీద కోపం లేదు, ఆ రీల్స్ పిచ్చి పుట్టించిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. అద్దె మాత్రం 11 మందికి తగ్గదు కాబట్టి కొత్త పజిల్ మ్యాట్లు ఈసారికి వాయిదా. మూలన చిరిగిన రెండింటికీ టేపు వేశాం, పిల్లలు గోళ్ళతో పీకకుండా చూడండి.

ఆ పిల్లాడు క్లాసుకు వస్తున్నాడు. కిక్కులు ఇంకా లేవు, డాక్టరు ఒప్పుకున్నాకే. ప్రస్తుతం ప్లాస్టిక్ కుర్చీలో, కింద దిండు వేసుకుని కూర్చుని, చివరి 15 నిమిషాలకు స్టాప్‌వాచ్ పడతాడు. వాడి 30 అంటే 30. నేను అలవాటుగా "ఇంకో పది" అన్నా వినడు, విజిల్ ఊదేస్తాడు.

ఈ ఆదివారం పొద్దున్న 7 గంటలకు అమ్మానాన్నలు కూడా రండి, ఇంట్లో పిల్లలతో ఏం చేయించాలో, ఏం చేయించకూడదో చూపిస్తాను. పాత తువ్వాలు ఒకటి తెచ్చుకోండి. టిఫిన్ తిని రావద్దు, అయ్యాక ఇడ్లీ నేనే పెట్టిస్తాను. డబ్బు ఇంకా అందని ఐదుగురూ అప్పుడే వస్తే చేతికే ఇచ్చేస్తాను.