వెనక బెంచీలో ఇంకో టీచరు ఎందుకు కూర్చున్నట్టు?

తల్లిదండ్రులకు నమస్కారం.

దసరా సెలవుల తర్వాత ఆరు, ఏడు తరగతుల పిల్లలు ఇంటికొచ్చి ఒక మాట చెప్పే ఉంటారు: "మా లెక్కల క్లాసులో వెనక బెంచీలో ఇంకో మేడం కూర్చుని ఏదో రాసుకుంటా ఉంది." దాని మీద ఆఫీసుకు చాలా ఫోన్లు వచ్చాయి. కొత్త టీచరుకు పాఠం చెప్పడం రాదా అని కొందరు అడిగారు. తనిఖీ ఏమైనా జరుగుతోందా అని ఇంకొందరు. రెండూ కాదు. కొత్త టీచరు పాఠం చూసి, దాన్ని మెరుగుపరచుకోవడానికి సాయం చేసే మన బడి టీచరే ఆమె; ఆమెను తోడు టీచరు అంటున్నాం. ఈ నెల వార్తాలేఖ మొత్తం దీనికే కేటాయిస్తున్నాం, ఎందుకంటే మీ పిల్లల చదువు మీద దీని ప్రభావం కొత్త కంప్యూటర్ ల్యాబు కంటే ఎక్కువని మా నమ్మకం.

ముందు అసలు సంగతి. 2025 మెగా డీఎస్సీ 16,347 పోస్టులతో వచ్చింది. సెప్టెంబరు చివర్లో నియామక పత్రాలు ఇచ్చారు. ఎంపికైన వాళ్లలో మన బడి టీచర్లు ముగ్గురున్నారు. వాళ్లను ఆపాలని మేం అనుకోలేదు, ఆపలేం కూడా. సర్కారు జీతంతో మనలాంటి బడి పోటీ పడలేదని మీకూ తెలుసు. కాకపోతే విద్యా సంవత్సరం నడుమ టీచరు మారితే పిల్లలకు ఏమవుతుందో తెలుసుకోవడం అవసరం.

న్యూయార్క్ నగరంలో నాలుగు, ఐదు తరగతుల పిల్లల మార్కులను ఎనిమిదేళ్ల పాటు పరిశీలించిన రాన్‌ఫెల్ట్, లోబ్, వైకాఫ్ అనే పరిశోధకులు 2013లో ఒక వ్యాసం ప్రచురించారు. టీచర్లు ఎక్కువగా మారిన ఏడాది ఆ తరగతి పిల్లల మార్కులు తగ్గాయి. అది ఊహించేదే. ఊహించనిది ఏమిటంటే, తమ టీచరు మారని పిల్లలకు కూడా ఎంతో కొంత నష్టం జరిగింది. ఎందుకని? బడి లోపల చూస్తే అర్థమవుతుంది. ఒక టీచరు వెళ్లిపోతే ఆ పీరియడ్లు మిగిలిన వాళ్ల లీజర్ పీరియడ్లలో సర్దుతారు. నోట్సు దిద్దే సమయం పోతుంది. కొత్తగా వచ్చిన వాళ్లకు అన్నీ చెప్పే పనీ పాతవాళ్ల మీదే పడుతుంది. ఫలానా అబ్బాయికి బోర్డు కనపడదు కాబట్టి ముందు కూర్చోబెట్టాలి, ఫలానా అమ్మాయి తప్పు రాస్తే ఏడుస్తుంది కాబట్టి పక్కకు పిలిచి చెప్పాలి. ఇలాంటి సంగతులు ఏ రిజిస్టరులోనూ ఉండవు, వెళ్లేవాళ్లతో పాటే వెళ్లిపోతాయి.

అందుకే ఈసారి వెళ్లిన ముగ్గురి దగ్గరా అప్పగింత పుస్తకం రాయించుకున్నాం. పిల్లకు ఒక పేజీ కాదు, మూడే వాక్యాలు: ఎక్కడ ఆగాడు, ఏం చేస్తే కదులుతాడు, ఇంట్లో ఎవరితో మాట్లాడాలి. నలభై మందికి రాయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. మార్కుల జాబితా కన్నా కొత్త టీచర్లకు ఇదే పనికొస్తోంది.

ఇక వెనక బెంచీ సంగతి. రెండేళ్ల బీఈడీలో 20 వారాలు బడిలో గడపాలని నిబంధన ఉంది. మన నెల్లూరు జిల్లాలో పల్లెపాడు ఉపాధ్యాయ శిక్షణ సంస్థ(డైట్)లో డీఈడీ చేసేవాళ్లూ బళ్లకు వెళ్లి పాఠాలు చెప్పి వస్తారు. అదంతా అవసరమే. కానీ గట్టు మీద ఎంత చెప్పినా ఈత నీళ్లలోనే వస్తుంది. నలభై మంది పిల్లలు, నలభై నిమిషాల పీరియడ్, అందులో ఐదు నిమిషాలు హాజరుకే సరి. అక్కడ ఏం చేయాలో అక్కడే నేర్చుకోవాలి.

దీని మీద గట్టి ఆధారాలున్నాయి. దక్షిణాఫ్రికాలో సెట్స్వానా మాతృభాషగా చదువుకునే పిల్లల బళ్లలో ఒక ప్రయోగం చేశారు. కొన్ని బళ్ల టీచర్లకు ఒకచోట చేర్చి శిక్షణ ఇచ్చారు. ఇంకొన్ని బళ్లకు అవే పాఠ్య పథకాలు, అవే చదివే పుస్తకాలు ఇచ్చి, దానికి తోడు ఒక మార్గదర్శిని తరగతికే పంపారు. రెండేళ్ల తర్వాత పిల్లల చదివే శక్తి మొదటి రకంలో 0.12, రెండో రకంలో 0.24 ప్రామాణిక విచలనాలు పెరిగింది. ఈ లెక్క ఇలా చదవండి: వంద మందిని మార్కుల వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ ఉన్న పిల్ల మొదటి రకంలో ఐదుగురిని, రెండో రకంలో తొమ్మిది మందిని దాటి ముందుకెళ్లినట్టు. క్రాఫ్ట్, బ్లాజర్, హోగన్ 2018లో ఇలాంటివే 60 అధ్యయనాలను కలిపి చూస్తే, అదే కొలతలో బోధన తీరులో మార్పు 0.49, పిల్లల మార్కుల్లో 0.18 వచ్చింది. అయితే వంద మందికి మించి టీచర్లున్న పెద్ద పథకాల్లో ఫలితం బాగా పలచబడింది. మార్గదర్శి ఒకరికి పాతిక మందిని అప్పగిస్తే అది సంతకాల కార్యక్రమం అయిపోతుంది. మన బడిలో ఒక్కో తోడు టీచరుకు నలుగురి కంటే ఎక్కువ ఇవ్వడం లేదు.

(తోడు టీచరు అనే పేరు స్టాఫ్ రూములోనే పుట్టింది. మెంటర్ అంటే సూపర్‌వైజర్‌లా వినిపిస్తోందన్నారు.)

ఒక్క పాఠం దగ్గరగా చూపిస్తాం. ఆరో తరగతి, భిన్నాలు. ప్రశ్న: 2/3 పెద్దదా, 3/5 పెద్దదా? చాలామంది పిల్లలు 3/5 అంటారు, రెండు అంకెలూ పెద్దవి కదా! మొదటి బెంచీ నుంచి ఒక పాప చెయ్యెత్తి "2/3, మేడం" అంటుంది. టీచరు "వెరీ గుడ్" అని బోర్డు మీద హారం 15 చేసి, 10/15, 9/15 అని రాసి తర్వాతి లెక్కకు వెళ్తారు. పాఠం చక్కగా జరిగినట్టే ఉంటుంది. వెనక నాలుగు వరుసల్లో 3/5 అనుకున్న పిల్లలు బోర్డు మీది జవాబు దించుకుని ఊరుకుంటారు. తప్పు అలాగే ఉండిపోతుంది, పరీక్ష పేపర్లో బయటపడుతుంది.

తోడు టీచరు చేతిలో ఉండేది మార్కుల షీటు కాదు, తరగతి కూర్చున్న తీరు గీసిన కాగితం. ఎవరిని అడిగితే ఆ గడిలో ఒక చుక్క. ప్రశ్న అడిగాక ఎన్ని సెకన్లు ఆగారో పక్కన ఒక అంకె. 15 నిమిషాలయ్యాక చుక్కలన్నీ ముందు రెండు బెంచీల్లోనే గుంపుగా కనిపిస్తే ఇక వేరే ఏమీ చెప్పక్కర్లేదు. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలోనే గమనించారు: టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను కూడా ఆగడం లేదు. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, జవాబు చెప్పేవాళ్లు పెరిగారు, మౌనంగా ఉండిపోయేవాళ్లు తగ్గారు. మూడు సెకన్లంటే తక్కువే అనిపిస్తుంది. నలభై మంది ముందు నిలబడి ఊరికే ఆగి చూడండి, ఎంత పెద్దదో తెలుస్తుంది.

అదే రోజు లీజర్ పీరియడ్‌లో ఇద్దరూ 20 నిమిషాలు కూర్చుంటారు. తీసుకునేది ఒకే విషయం. మొదట్లో ఇక్కడే తప్పు జరిగింది: తోడు టీచర్లు పది లోపాలు రాసుకొచ్చి పదీ చెప్పారు. విన్నవాళ్లు పదీ వదిలేశారు. ఇప్పుడు ఒక్కటే. ఈ వారం "ప్రశ్న, మూడు సెకన్లు, అందరూ పలక మీద జవాబు రాసి చూపడం" అనుకుంటే అంతవరకే. మాట్లాడుకుని లేచిపోరు. ఖాళీ గదిలో ఒకరు టీచరుగా, ఒకరు 3/5 అని పట్టుబట్టే పిల్లగా పది నిమిషాలు ఆడి చూస్తారు. ఈ రిహార్సల్ అందరికీ మొహమాటమే, నవ్వులతోనే మొదలవుతుంది. కానీ నోటితో చెప్పి చూడని వాక్యం తరగతిలో టైముకు రాదు. వారం తిరక్కముందే అదే సెక్షన్‌లో, అదే పీరియడ్‌లో మళ్లీ 15 నిమిషాలు చూస్తారు. అభిప్రాయం వారం తర్వాత చెబితే ఆ పాఠం టీచరుకూ గుర్తుండదు, తోడు టీచరుకూ గుర్తుండదు.

ఆ కాగితం టీచరు దగ్గరే ఉంటుంది, ఆఫీసుకు రాదు. ఇంక్రిమెంటుకు, దానికి సంబంధం లేదు. ఇది నివేదికలు, తనిఖీగా మారితే ఏమవుతుందో మన రాష్ట్రంలోనే తేలింది. 2005-06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బళ్లలో మురళీధరన్, సుందరరామన్ వంద బళ్లకు పిల్లల బలహీనతలు వివరంగా రాసిన నివేదికలిచ్చి, మధ్య మధ్య పరిశీలకులను పంపారు. చూసేవాళ్లు ఉన్నంతసేపు ఆ టీచర్లు మరింత చురుగ్గా బోధించారు. ఏడాది చివర పరీక్షలో మాత్రం ఆ పిల్లలకూ మిగతా బళ్ల పిల్లలకూ తేడా కనపడలేదు. నివేదిక, తనిఖీ రెండూ కలిసినా బోధన మారదు, ప్రదర్శన మాత్రం మారుతుంది. మరిన్ని టెస్టులు, మరిన్ని ప్రోగ్రెస్ రిపోర్టులు కావాలని అడిగే తల్లిదండ్రులు ఈ ఫలితాన్ని ఒకసారి తలచుకోవాలని మనవి.

అదే పరిశోధకులు ఇంకొన్ని బళ్లలో పిల్లల ప్రగతిని బట్టి టీచర్లకు బోనస్ ఇచ్చి చూశారు. రెండేళ్లలో మార్కులు, పైన చెప్పిన కొలతలోనే, లెక్కల్లో 0.27, భాషలో 0.17 పెరిగాయి. కాబట్టి డబ్బు పనిచేయదని ఎవరూ అనరు. ఇండోనేషియాలో మాత్రం పనితీరుతో ముడిపెట్టకుండా మూల వేతనం రెట్టింపు చేశారు. టీచర్లకు అప్పుల ఒత్తిడి తగ్గింది, పక్క ఉద్యోగాలు తగ్గాయి, పిల్లల మార్కులు మాత్రం కదల్లేదు. మా వరకు జీతం నెల ఐదో తేదీలోపు పడాలి, వేసవి నెలల జీతం కోయకూడదు. ఈ రెండూ టీచరు నిలబడడానికి కనీస షరతులు. మంచి పాఠం వీటితోనే వచ్చేయదు.

మరి ఏది నిలబెడుతుంది? అమెరికాలో కొత్త టీచర్లకు రెండేళ్ల పాటు మార్గదర్శులను ఇచ్చిన ఒక పెద్ద ప్రయోగం ఉంది. మొదటి రెండేళ్లు పిల్లల మార్కుల్లో మార్పే లేదు, మూడో ఏట వచ్చింది. టీచర్లు ఉద్యోగంలో నిలబడే శాతంలో మాత్రం తేడా రాలేదు. తోడు టీచరును పెట్టాం కాబట్టి ఎవరూ వెళ్లరని మేం అనుకోవడం లేదని చెప్పడానికే ఇది రాస్తున్నాం. మీరు కూడా ఈ డిసెంబరుకే మార్కులు ఎగరాలని చూడకండి. ఇంకోవైపు క్రాఫ్ట్, పాపే 2014లో తేల్చింది వేరు: క్రమశిక్షణ, సహోద్యోగుల సహకారం, యాజమాన్యం తీరు బాగున్న బళ్లలో టీచర్లు పదేళ్లలో, బాగోలేని బళ్ల వాళ్లకన్నా 38 శాతం ఎక్కువ మెరుగుపడ్డారు. అంటే చెట్టు ఒకటే అయినా నేలను బట్టి కాపు.

నేల బాగుచేయడం అంటే చాలావరకు టైంటేబుల్ పని. వారానికి 48 పీరియడ్లు. మామూలుగా టీచరుకు 36 ఉంటాయి. కొత్తవాళ్లకు డిసెంబరు దాకా 30, తోడు టీచర్లకు 32 చేశాం. తగ్గిన పీరియడ్లలో కొన్ని హెడ్‌మాస్టరు, వైస్ ప్రిన్సిపాల్ తీసుకుంటున్నారు. ఎక్కడైనా కొత్త టీచరుకు అల్లరి ఎక్కువున్న సెక్షను అంటగట్టి, పాతవాళ్లు మంచి సెక్షన్లు ఉంచుకోవడం ఆనవాయితీ. మొదటి ఆరు నెలల్లో మనుషులను పోగొట్టుకునే దగ్గరి దారి అదే. ఇక్కడ తిరగేశాం.

జాతీయ విద్యా విధానం 2020 ప్రతి టీచరుకు ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలంటోంది. మన లెక్క ఇది: జూన్ 12న బడి తెరిచే ముందు మూడు రోజులు, రోజుకు ఆరు గంటలు, 18. ఏడాదిలో 16 శనివారాలు, గంటన్నర చొప్పున, 24. వెనక బెంచీ పరిశీలన, చర్చ కలిపి 8. గంటలు నింపడం గొప్ప కాదు. 2007లో యూన్ బృందం 1,300కు పైగా అధ్యయనాలు వడపోస్తే ప్రమాణాలకు నిలిచినవి తొమ్మిదే. వాటిలో 14 గంటలకు మించి సాగిన శిక్షణలే ఫలితమిచ్చాయి. ఒక్క పూట సెమినారుకు శాలువాలు కప్పి ఫొటోలు తీసుకోవడం ఇందుకే మానేశాం.

మీ వైపు నుంచి కావలసినవి కొన్నే. కొత్త టీచరు గురించి పిల్లల ముందు "ఈమెకేం వచ్చు" అనకండి. ఆ మాట మర్నాడు తరగతిలో వినిపిస్తుంది. ఫిర్యాదుంటే క్లాసు వాట్సాప్ గ్రూపులో కాకుండా సాయంత్రం 3:45 నుంచి 4:30 లోపు వచ్చి మాట్లాడండి. "లెక్కలు అర్థం కావట్లేదు" అంటే మాకు దారి దొరకదు. ఏ అభ్యాసం, ఎన్నో లెక్క, ఇంట్లో పిల్ల ఏం రాసింది, ఆ నోట్సు పట్టుకురండి. రాత్రి ఏడు దాటాక టీచర్లకు ఫోన్ చేయొద్దు, అత్యవసరమైతే ఆఫీసు నంబరుకే.

శనివారాల గురించి. రెండో శనివారం ఎలాగూ సెలవు. మొదటి, మూడో శనివారాల్లో టీచర్ల శిక్షణ ఉన్నందున పిల్లలకు మధ్యాహ్నం 12:30 దాకే బడి. కోవూరు, బుచ్చి రూటు బస్సులు 12:40కి, ఇందుకూరుపేట బస్సు 12:50కి బయల్దేరతాయి. ఇంట్లో పెద్దవాళ్లు లేని పిల్లలను 2:30 దాకా లైబ్రరీలో ఉంచుకుంటాం, ముందురోజు డైరీలో రాసి పంపండి, అన్నం బాక్సు పెట్టండి. తుఫాను సెలవులు వచ్చి శనివారం పూర్తి బడి పెట్టాల్సి వస్తే ఆ వారం శిక్షణ బుధవారం సాయంత్రానికి మారుతుంది, బస్సు వేళలు మామూలుగానే ఉంటాయి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు