అనంతపురానికి తిన్నగా ఉత్తరాన

సెయింట్ పీటర్స్‌బర్గ్

నాన్నకు నమస్కారాలు.

నేను బాగున్నాను. చలి ముదిరింది కానీ గదిలో హీటర్లు పనిచేస్తున్నాయి, టెన్షన్ పడొద్దని అమ్మకు చెప్పండి.

మారాటా వీధిలో, ఒక పాత చర్చిలో ఆర్కిటిక్ మ్యూజియం ఉంది. అది చూసినప్పటి నుంచి వ్లదీమిర్ వీజె అనే రష్యన్ ధ్రువ పరిశోధకుడి గురించి మీకు రాయాలని ఉంది. ఇన్నేళ్లు పిల్లలకు భూగోళం చెప్పారు, మీకు తప్పక నచ్చుతాడు.

1912లో గియోర్గీ సెదోవ్ అనే రష్యన్ నౌకాదళ అధికారి ఉత్తర ధ్రువానికి బయల్దేరితే, వీజె శాస్త్రవేత్తగా వెంట వెళ్లాడు. 1914లో సెదోవ్ దారిలోనే చనిపోయాడు. తిరుగు ప్రయాణంలో ఓడకు బొగ్గు లేదు. ఆర్కిటిక్‌లోని ఫ్రాంజ్ జోసెఫ్ లాండ్ దీవుల్లో, కేప్ ఫ్లోరా అనే చోట పాత చెక్క ఇళ్లు పీకి బాయిలర్‌లో వేసుకుందామని ఆగారు. అక్కడ అల్బానోవ్, కొన్రాడ్ అని ఇద్దరు నావికులు కనిపించారు. వాళ్ల ఓడ ‘సెయింట్ అన్నా’ మంచులో చిక్కి ఏడాదిన్నర కొట్టుకుపోయింది. దాన్ని వదిలి మంచు మీద నడిచొచ్చినవాళ్లలో మిగిలింది వీళ్లిద్దరే. ఓడ జాడ మళ్లీ తెలియలేదు. అల్బానోవ్ మాత్రం ఓడ లాగ్‌బుక్ నుంచి రాసుకున్న కాగితాలు భద్రంగా తెచ్చాడు.

1924లో వీజె ఆ లెక్కలు ముందేసుకుని కూర్చున్నాడు. ఆర్కిటిక్‌లో మంచు గాలి వీచే వైపే పోదు, భూభ్రమణం వల్ల కాస్త కుడికి జరుగుతుంది. ‘సెయింట్ అన్నా’ మాత్రం 78, 80 డిగ్రీల అక్షాంశాల మధ్య ఎడమకి తొలగింది. అంటే తూర్పున మంచుకి ఏదో అడ్డుంది, అది నేలే అయ్యుండాలి అని తేల్చాడు. ఎవరూ చూడని దీవిని మ్యాప్ మీద గుర్తుపెట్టాడు! 1930 ఆగస్టులో ఒక ఐస్‌బ్రేకర్ (మంచును పగలగొట్టుకుంటూ వెళ్లే ఓడ) అటు వెళ్తే, దీవి నిజంగానే ఉంది. ఆ ఓడ పేరు ‘గియోర్గీ సెదోవ్’. వీజె కూడా అందులో ఉన్నాడు. దీవికి ఆయన పేరే పెట్టారు.

1932లో ‘సిబిరియకోవ్’ ఓడ మొదటిసారి ఒకే సీజన్‌లో ఉత్తర సముద్రమార్గం, అంటే రష్యా ఉత్తర తీరం వెంబడి వెళ్లే దారి, దాటింది. చివర్లో ప్రొపెల్లర్ విరిగిపోతే టార్పాలిన్లు తెరచాపలుగా కట్టుకుని బేరింగ్ జలసంధి చేరారు. దానికి శాస్త్రీయ బాధ్యుడు కూడా ఈయనే. ఇక్కడ దాన్నే ఎక్కువ చెప్పుకుంటారు. నాకైతే 1924 నాటి ఆ లెక్కే గొప్పగా అనిపిస్తుంది. తిరిగిరాని మనుషులు రోజూ ఓపిగ్గా రాసిపెట్టిన అంకెల్ని ఆయన వృథా పోనివ్వలేదు.

1954లో ఈ ఊళ్లోనే పోయాడు.

మీ పెద్ద అట్లాస్ తీసి చూడండి నాన్నా. అనంతపురం నుంచి రేఖాంశం పట్టుకుని పైకి వెళ్తే, 79 డిగ్రీలు దాటాక దాదాపు ఆ గీత మీదే ఉంటుంది వీజె దీవి. అందులో వేశారో లేదో రాయండి.

మీ
పెద్దమ్మాయి