ఆ నంబరు కుర్రాడు అడిగి తెచ్చుకున్నది కాదు

సంపాదకులకు నమస్కారం.

బాపట్ల జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పై ఏళ్లు పీఈటీగా చేసి రిటైరైనవాణ్ని. ఏడాదిన్నరగా మెల్‌బోర్న్‌కు పడమటి వైపు మెల్టన్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. పొద్దున మనవణ్ని బడిలో దింపడం, మూడింటికి తీసుకురావడం, మధ్యలో ఫోన్లో మీ పత్రిక చదవడం, ఇదీ నా ఇప్పటి డ్యూటీ. ఐపీఎల్ వేలం అయిన మర్నాడు క్రీడల పేజీలో ఎవరు ఎంత పలికారో మీరు పట్టిక వేస్తారు. 2024 నవంబరులో అలాగే పదమూడేళ్ల వైభవ్ సూర్యవంశీ పేరు పక్కన కోటి పది లక్షలని చూశాను. సంతోషం కంటే గుబులే ఎక్కువైంది. సరిగ్గా ఆ వారంలోనే ఇక్కడ ఇంకో కుర్రాడి నెత్తిన ఇంకో అంకె పెట్టారు. ఈ ఉత్తరం ఆ కుర్రాడి గురించి.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. వీళ్లు ముద్దుగా ఫుటీ అంటారు. జట్టుకు 18 మంది, కోడిగుడ్డు ఆకారంలో బంతి, క్రికెట్ ఆడే మైదానమే దీనికీ మైదానం, రెండు కొసల్లో నాలుగేసి స్తంభాలు. మధ్య రెండు స్తంభాల నడుమ తన్నితే ఆరు పాయింట్లు, పక్క సందులో పోతే ఒకటి. హెల్మెట్ లేదు, ప్యాడ్లు లేవు. ఒకణ్ని ముగ్గురు పట్టి నేలకు కొడుతుంటే మొదటిసారి చూసినప్పుడు నాకు కబడ్డీ కోర్టు గుర్తొచ్చింది.

ఇందులో వేలం పాట లేదు. ఏటా నవంబరులో డ్రాఫ్ట్ అని జరుగుతుంది. మొత్తం 18 క్లబ్బులు. ఆ ఏడు అట్టడుగున ఉన్న క్లబ్బుకు మొదటి ఎంపిక. ఆ ఏడాది పద్దెనిమిది నిండే కుర్రాళ్లలో తనకు నచ్చినవాణ్ని తీసుకోవచ్చు. తర్వాత కింది నుంచి రెండోది, మూడోది. ఏ క్లబ్బుకు వెళ్తావని కుర్రాణ్ని ఎవరూ అడగరు. హార్లీ రీడ్ అనే పిల్లాడిది విక్టోరియాలో టొంగాలా, పాడి రైతుల చిన్న ఊరు. 2023లో వాణ్ని ఒకటో నంబరుగా వెస్ట్ కోస్ట్ క్లబ్ తీసుకుంది. అది ఉన్నది దేశానికి అటు చివర, పెర్త్‌లో. మనవైపు ఇంటర్ పిల్లాణ్ని హాస్టల్లో దింపి వచ్చేటప్పుడే తల్లి బస్టాండ్‌లో కళ్లొత్తుకుంటుంది. వీడు విమానమెక్కి వెళ్లి, వెళ్లిన నాటి నుంచీ ఓ ఊరి మొత్తానికి దిక్కు అనిపించుకోవాలి.

నేను చెప్తానన్న కుర్రాడు శామ్ లాలర్. 2024లో ఒకటో నంబరు. మాకు దగ్గరి ఊరే, బ్యాకస్ మార్ష్. మెల్టన్లో బ్యాలరాట్ వైపు రైలెక్కితే వచ్చే ఊరు. యాపిల్ తోటలు, స్ట్రాబెర్రీలు, రోడ్డు పక్కన కూరగాయల దుకాణాలు. నేను అప్పుడప్పుడూ టమాటాలకని వెళ్లి, స్టేషన్ పక్కనే ఉన్న మ్యాడింగ్లీ పార్కులో బెంచీ మీద కూర్చుంటాను. టమాటాలు నెపం. పిల్లలు బంతి తన్నుతుంటే చూడడం అసలు పని. పీఈటీ బుద్ధి ఎక్కడికి పోతుంది?

లాలర్‌ను తీసుకున్నది రిచ్‌మండ్. ఆ ఏడు ఆ జట్టు గెలిచింది రెండే ఆటలు. పైగా మూడు కప్పులు తెచ్చిన డస్టిన్ మార్టిన్ 302 ఆటలాడి అదే ఏడు తప్పుకున్నాడు. మీద పడి పట్టుకోవడానికి వచ్చినవాణ్ని అరచేత్తో రొమ్ము మీద నెట్టి పారేయడం మార్టిన్ ముద్ర. లాలర్ కూడా కుర్రతనంలోనే అలా నెట్టగలడు. ఇంకేం, ‘కొత్త డస్టీ’ దొరికాడన్నారు.

ఈ మాట మొదట నాకు చెప్పింది మా పక్కింటి పెద్దాయన. డెబ్బై దాటాయి, పుట్టుకతోనే రిచ్‌మండ్ అభిమాని. కంచె మీద పసుపు, నలుపు జెండా ఎండకు వెలిసిపోయి ఉంటుంది. ఆయన ఇంగ్లిష్ నాకు సగం, నా ఇంగ్లిష్ ఆయనకు సగం అర్థమవుతుంది. ఆటల సంగతికొస్తే మాత్రం ఇద్దరికీ పూర్తిగా అర్థమవుతుంది. 2025 మార్చిలో కార్ల్‌టన్‌తో సీజన్ మొదటి ఆటను వాళ్లింట్లో టీవీలో చూశాం. ఈ ఏడు రిచ్‌మండ్ ఒక్క ఆటన్నా గెలుస్తుందా అని జోకులు వేస్తున్న రోజులవి. మొదట బాగా వెనకబడి, చివరికి 13 పాయింట్లతో గెలిచారు. లాలర్‌కు అదే తొలి ఆట. పెద్దాయన సోఫాలో కూర్చోలేకపోయారు. కుర్రాడి దగ్గరికి బంతి వచ్చినప్పుడల్లా ఆయన కుడిచెయ్యి దానంతటదే గాల్లోకి నెట్టేది. ముద్దొచ్చింది, భయమూ వేసింది.

ఆ తర్వాత గాయాలు. చాలా ఆటలకు కుర్రాడు బయటే ఉండిపోయాడు. ఆగస్టు కొచ్చేసరికి కంచె దగ్గర ఆయన గొంతు మారింది. “ఒకటో నంబరు కదా, ఒళ్లు ఇంత అపురూపమా?” అన్నట్టు మాట్లాడారు. నాకు చిరాకేసింది. పద్దెనిమిదేళ్లవాడి ఎముక ఇంకా ముదరదు. అవతల ఉన్నవాళ్లు పదేళ్లుగా ఇదే ఉద్యోగంగా బరువులెత్తిన మగవాళ్లు. నేను జిల్లా మీట్‌కు సీనియర్ల మధ్య టెన్త్ పిల్లాణ్ని దించాలంటేనే పదిసార్లు ఆలోచించేవాణ్ని.

నా చిరాకు చూసి ఆయనే రిచర్డ్ టాంబ్లింగ్ కథ చెప్పారు. 2004 డ్రాఫ్ట్‌లో నాలుగో నంబరుగా రిచ్‌మండ్ అతన్ని తీసుకుంది, డార్విన్ వైపు నుంచి వచ్చిన కుర్రాడు. వెంటనే ఐదో నంబరుగా హాథార్న్ క్లబ్ లాన్స్ ఫ్రాంక్లిన్‌ను తీసుకుంది. ఫ్రాంక్లిన్ వెయ్యి గోల్స్ దాటాడు. 2022లో సిడ్నీలో వెయ్యో గోల్ కొట్టిన రాత్రి జనం వేలకొద్దీ మైదానంలోకి ఉరికారు. టాంబ్లింగ్ కూడా వందకు పైగా ఆటలాడాడు, అది చిన్న సంగతి కాదు. అయినా రిచ్‌మండ్ జనం నోట అతనెప్పుడూ ‘ఫ్రాంక్లిన్‌ను వదిలి తెచ్చుకున్నవాడు’. ఫ్రాంక్లిన్ గోల్ కొట్టిన ప్రతి శనివారం ఇతనికి తిట్లు. ఎంచుకున్నది ఎవరు? క్లబ్బు పెద్దలు. టాంబ్లింగ్ వెళ్లి నన్నే తీసుకోండని ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. “నేనూ తిట్టాను, ఏళ్లపాటు తిట్టాను” అన్నారు పెద్దాయన, కంచె మీద గోరుతో గీస్తూ. మనిషి మీద నాకు గౌరవం పెరిగింది అప్పుడే.

అదే ఏడు ఒకటో నంబరు బ్రెట్ డెలీడియో, అతన్నీ రిచ్‌మండే తీసుకుంది. కప్పు గెలవని జట్టుకు పన్నెండేళ్లు ఆడి, 2016 చివర్లో వేరే క్లబ్బుకు మారాడు. ఆ మరుసటి ఏడే రిచ్‌మండ్ 37 ఏళ్ల తర్వాత కప్పు గెలిచింది. దీన్నేమనాలి?

ఇంకోవైపు చూడండి. లాకీ నీల్ 58వ నంబరు, డేన్ స్వాన్ 58వ నంబరు. ఇద్దరూ సీజన్లో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ తెచ్చుకున్నారు, నీల్ రెండుసార్లు. జేమ్స్ హర్డ్ అయితే 1990లో 79వ నంబరు, 1996లో అదే మెడల్. దేశమంతా తిరిగి, పిల్లల ఆటలు వందలకొద్దీ చూసి, ఎత్తు, ఎగరడం, పరుగు అన్నీ కొలిచినవాళ్ల లెక్కే ఇన్నిసార్లు తప్పింది. నంబరంటే క్లబ్బు వేసుకున్న అంచనా. అది తప్పితే క్లబ్బును అడగాలి. మనమేమో దాన్ని కుర్రాడు రాసిచ్చిన ప్రోనోటులా పట్టుకుని వసూలుకు బయల్దేరతాం.

జాక్ వాట్స్ సంగతి చెప్పకుండా ఉండలేను. 2008లో ఒకటో నంబరు, మెల్‌బోర్న్ క్లబ్. 2009 జూన్‌లో ఎంసీజీలో, అంటే మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో, 60,000 మందికి పైగా జనం ముందు తొలి ఆట ఆడించారు. అప్పటికి వాడింకా స్కూల్లో చదువుతున్నాడు! బంతి చేతికొచ్చిందో లేదో ఎదుటి జట్టు కాలింగ్‌వుడ్ ఆటగాళ్లు మీద పడ్డారు. ఆ వీడియో మా అల్లుడు చూపించాడు. కింద నుంచి లేచి, సర్దుకుని నిలబడ్డ ఆ పిల్లాడి మొహం నేను స్కూల్లో చాలాసార్లు చూసిందే. పై క్లాసువాళ్లు పడేసినా నొప్పి లేనట్టు నటించే మొహం. తర్వాత అతను 174 ఆటలాడాడు. అయినా చాలామందికి గుర్తున్నది ఆ ఒక్క మధ్యాహ్నమే.

అదే ఎంసీజీలో 2024 డిసెంబరు 28న నేనున్నాను. మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ కొట్టిన రోజు. నితీశ్ 99 మీద అవతల కొసన ఉన్నాడు, చివరివాడు సిరాజ్ కమిన్స్‌ను ఎదుర్కోవాలి. మూడు బంతులు. నా పక్కన కూర్చున్న నెల్లూరు కుర్రాడు నా మోకాలు గట్టిగా పట్టుకుని వదల్లేదు, ఎవరో నాకు తెలీదు. సెంచరీ కాగానే స్క్రీన్ మీద వాళ్ల నాన్నగారు ఏడుస్తూ కనిపించారు, మా వరసంతా ఏడ్చింది. తర్వాతి ఐపీఎల్‌లో పరుగులు రాలేదు. ఆ రోజు ఏడ్చినవాళ్లే “వీడి పనైపోయింది” అని మెసేజ్‌లు పెట్టారు. మా వాట్సాప్ గ్రూపులో కూడా. ఇరవై ఒక్క ఏళ్లకు పనైపోవడమేమిటి?

ఇంత మాట్లాడుతున్న నాకు ఆ అర్హత ఉందా అంటే, లేదు. నా దగ్గర ఒక కబడ్డీ రైడర్ ఉండేవాడు, తొమ్మిదో తరగతి. సన్నగా ఉండేవాడు గానీ కూత తెగేది కాదు, బోనస్ గీత దగ్గర కాలు పాములా వెళ్లి వచ్చేది. రాష్ట్ర స్థాయి ఎంపికలకు వెళ్తున్నాడని నేనే పది మందికీ చెప్పాను. ప్రో కబడ్డీ కొత్తగా వచ్చిన రోజులు. ఊళ్లో కుర్రాళ్లు చందాలేసుకుని రచ్చబండ దగ్గర ఫ్లెక్సీ కట్టారు. నిలువెత్తు ఫొటో, కింద ‘కాబోయే ప్రో కబడ్డీ స్టార్’. ఆ మాట రాయించమన్నది నేను. ఫొటో ఇచ్చిందీ నేనే.

ఎంపికల్లో రెండో రోజే చీలమండ మెలికపడి వెనక్కి వచ్చేశాడు. ఫ్లెక్సీ మాత్రం అలాగే ఉంది. వానకు ఒక మూల ఊడి, గాలికి టపటపా కొట్టుకునేది. దాన్ని తీయించాలని నాకు తట్టలేదు. దసరా సెలవులయ్యాక ఒకరోజు చూస్తే పిల్లాడు రచ్చబండ దారిలో కాకుండా కాలవ గట్టు మీదుగా, అర కిలోమీటరు చుట్టు తిరిగి బడికి వస్తున్నాడు. ఎందుకురా అంటే “అటు నీడ ఉంటుంది సార్” అన్నాడు. ఆ గట్టు మీద తుమ్మ చెట్టు కూడా లేదు. ఆ సాయంత్రమే వెళ్లి తాళ్లు కోసి ఫ్లెక్సీ దించాను. పదో తరగతిలో వాడు కబడ్డీకి రాలేదు. నేనూ పిలవలేదు. ఇప్పుడు ఆటో నడుపుతున్నాడట, బాగానే ఉన్నాడట.

అందుకే మీకో విన్నపం. వేలం పట్టికలు వేయండి, వద్దనను. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లల పేరు ముందు ‘కాబోయే కోహ్లీ’, ‘మరో ధోనీ’ అని పెట్టడం మాత్రం రెండు మూడేళ్లు ఆపి చూడండి. కుర్రాడు ఎక్కడ నేర్చుకున్నాడో, ఏ షాట్ ఇంకా రావడం లేదో, ఏ కాలు నొప్పితో ఆడుతున్నాడో రాయండి. నాలాంటివాళ్లు ఇంకా ఇష్టంగా చదువుతారు.

మొన్న నవంబరులో మళ్లీ డ్రాఫ్ట్ అయింది. ఒకటో నంబరు విలెమ్ డూర్స్‌మా. 2025 సీజన్ మొత్తంలో ఒక్క ఆటే గెలిచిన వెస్ట్ కోస్ట్ తీసుకుంది. అతని అన్నలిద్దరు ఇప్పటికే వేరే క్లబ్బుల్లో ఆడుతున్నారు. కనీసం ఇంట్లోనన్నా అడిగి తెలుసుకోవచ్చు అనుకున్నాను. పక్కింటి పెద్దాయన చూపు మాత్రం లాలర్ మీదే ఉంది. “రెండో ఏడు కదా, ఇక చూడు” అంటున్నారు.

మార్చిలో ఈసారి టీవీలో కాదు, ఇద్దరం ఎంసీజీకే వెళ్దామనుకున్నాం. ఒక షరతు పెట్టాను. మూడో క్వార్టర్ అయ్యేదాకా డస్టీ పేరు ఎత్తకూడదు, ఎత్తితే నాకు కాఫీ ఇప్పించాలి. ఆయన సరేనన్నారు. నేనైతే ఆ రోజు ఇంట్లో కాఫీ తాగకుండానే బయల్దేరదామని ఉన్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పీఈటీ,
మెల్టన్, విక్టోరియా, ఆస్ట్రేలియా