ఇంజన్ స్టాండు కొనే ముందు

విజయవాడ

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు.

బయటికి తీసిన ఇంజన్ని బిగించి తిప్పుకుంటూ బాగుచేసే ఇంజన్ స్టాండు కొంటానని నువ్వు పంపిన మూడు స్టాండ్ల ఫొటోలూ పెద్దవి చేసి చూశాను. అన్నిట్లోకీ చవకైనది, ముందు ఒకే చక్రం ఉన్నది, దాన్ని మాత్రం కొనకు. ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. ఎందుకో చెబుతాను, అది తెలిస్తే మిగతా రెండింట్లో ఏది మంచిదో నువ్వే తేల్చుకోగలవు.

నీ ట్రక్కులో ఉన్నది 1984 నాటి షెవర్లే 350 ఇంజను. అడుగున ఉండే బ్లాకూ ఇనుమే, దాని మీద మూతల్లా బిగించే హెడ్లూ ఇనుమే. అన్నీ బిగించి ఉంటే దాదాపు 575 పౌండ్లు, అంటే 260 కిలోలు. స్టాండు మీద 750 పౌండ్లని రాసి ఉంది కదా, ఇంకా మిగులే ఉందనుకుంటావు. కానీ ఇంజను ఆ స్టాండు మీద కూర్చోదమ్మా. వెనక నాలుగు బోల్టులు పట్టుకుంటే ముందుకు గాల్లో వేలాడుతుంది. స్టాండు నిలువు పైపు మీద పడే భారం ఒక్క బరువు వల్ల కాదు, బరువు ఎంత దూరాన వేలాడుతోందన్నదాని వల్ల. స్టాండు తల మీద ఇంజన్ని పట్టే ప్లేటు నుంచి ఇంజన్ బరువు మధ్యకి 40 సెంటీమీటర్లు ఉందనుకో, 260 కిలోల్ని 0.40 మీటర్లతో గుణిస్తే 104. ప్లేటుకీ ఇంజన్‌కీ మధ్య పొట్టి చేతులు బిగించి అదే ఇంజన్ని 10 సెంటీమీటర్లు దగ్గరికి లాగితే 78. ఇంజన్లో ఒక్క గ్రాము తగ్గలేదు, వంచే బలం మాత్రం పావు వంతు తగ్గింది. అందుకే కనీసం 1,000 పౌండ్లది, దొరికితే 1,250 పౌండ్లది తీసుకో. చేతుల్ని మాత్రం ఎంత లోపలికి వీలైతే అంత లోపలికే బిగించు.

ఇక చక్రాల సంగతి. మూడు చక్రాల్నీ నేల మీద గీతలతో కలిపితే త్రికోణం వస్తుంది. ఇంజన్ బరువు పడేది సరిగ్గా ఆ త్రికోణం ఇరుకు కొస దగ్గర. పక్కకి కాస్త ఊగినా బరువు గీత దాటుతుంది. దాటాక నువ్వు పట్టుకుంటే ఆగే బరువు కాదది. మీ గరాజు కాంక్రీటులో అడ్డంగా గాడి ఉందని చెప్పావు. ఆ ఒక్క ముందు చక్రం అందులో దిగబడిన క్షణాన నువ్వు వెనక నుంచి తోస్తూ ఉంటావు. కొన్నిటికి ముందు రెండు చక్రాలున్నా బెత్తెడు దూరంలోనే ఉంటాయి, అవీ మూడు చక్రాల కిందే లెక్క. ముందూ వెనకా రెండేసి చక్రాలు ఎడంగా ఉండాలి. ముందు కాళ్ళు ఇంజన్ బరువు మధ్యని దాటి ముందుకు వచ్చి ఉండాలి. మడత పెట్టేది ఫొటోలో బాగానే ఉంది గానీ, మడత దగ్గర పిన్నుకీ రంధ్రానికీ మధ్య ఉన్న చిన్న వదులే కొసకి వెళ్ళేసరికి పెద్ద ఊగుడవుతుంది. చోటు మరీ ఇరుకైతే తప్ప నేనైతే మడతది తీసుకోను.

చక్రం 3 అంగుళాలదైతే చిన్న నట్టు అడ్డం పడ్డా ఆగిపోతుంది. 4 లేక 5 అంగుళాలవి చూడు, గట్టి పాలీయురెథేన్‌వో ఇనపవో అయితే మంచిది. మెత్తటి రబ్బరు చక్రాలు బరువు మోస్తూ నెలల తరబడి ఒకేచోట నిలబడితే ఒక వైపు చదునైపోతాయి. తిరిగే చక్రాలకి లాక్ ఉండి తీరాలి.

దుకాణానికి వెళ్ళినప్పుడు టార్చి, వెర్నియర్ పట్టుకెళ్ళు. నిలువు పైపు కొస దగ్గర మందం కొలువు. 2 మిల్లీమీటర్లైతే పక్కన పెట్టు, 3 ఉంటే సరే, అంతకన్నా ఎక్కువుంటే ఇంకా మంచిది. వెల్డింగు పైపు చుట్టూ పూర్తిగా తిరిగిందా, లేక కనపడే రెండు వైపులా వేసి వదిలేశారా చూడు. వెల్డు గీత అంచున పైపులో గాడిలా తినేసి ఉన్నా, ఆ గీతలో సూది బెజ్జాలున్నా వద్దను. రంగు దట్టంగా పూసిన చోట గోరుతో గీకి చూడటానికి మొహమాటపడకు. తల తిరిగే గొట్టం ఖాళీగా ఉన్నప్పుడు కాస్త పైకి చూస్తున్నట్టుంటే అది లోపం కాదు. ఇంజన్ వేలాడాక వంగి మట్టానికి వస్తుందని అలా చేస్తారు. ఎవరో వాడి అమ్ముతున్నది దొరికితే ముందుగా తల తిరగకుండా ఆపే లాక్ పిన్ను రంధ్రాలు చూడు. గుండ్రంగా కాక కోడిగుడ్డులా సాగి ఉంటే, ఆ స్టాండు మోయలేని బరువు మోసిందన్నమాట.

స్టాండుతో వచ్చే బోల్టుల్ని నమ్మకు, బోల్టులు వేరే కొను. నీ ఇంజన్ వెనక గేరుబాక్సు వైపు ఉండే బెల్ హౌసింగు రంధ్రాలకి కావలసింది 3/8 అంగుళం లావు, అంగుళానికి 16 మర చుట్లున్న బోల్టు. గ్రేడు 8 అడుగు, తల మీద ఆరు గీతలుంటాయి. మూడు గీతలుంటే గ్రేడు 5. మన వైపు వాడే 10 మిల్లీమీటర్ల బోల్టు చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ లావు ఎక్కువ, స్పానరేసి తిప్పితే బ్లాకు మరలు పోతాయి. వేలితో తిప్పితే నాలుగైదు చుట్లు సాఫీగా దిగాలి, దిగకపోతే అది ఆ బోల్టు కాదు.

ఎక్కువమంది పొరపాటు చేసేది పొడవు దగ్గరే. చేతి చివర గొట్టం 75 మిల్లీమీటర్లు, వాషరు 3 అనుకో. 4 అంగుళాల బోల్టు 101 మిల్లీమీటర్లు, అంటే బ్లాకులోకి 23 పోతుంది. ఇనప బ్లాకులో బోల్టు లావుకి ఒకటిన్నర రెట్లు, అంటే 14 మిల్లీమీటర్లు పట్టినా చాలు, కాబట్టి 23 బ్రహ్మాండం అనిపిస్తుంది. అయితే ఆ రంధ్రం అవతలికి తెరుచుకోకుండా 20 లోతులోనే ఆగిపోతే? బోల్టు అడుగుకి తగిలి స్పానరు బిగిసిపోతుంది, నీకు గట్టిగా పట్టినట్టే ఉంటుంది, చెయ్యి మాత్రం వదులుగానే ఉంటుంది. ముందుగా ప్రతి రంధ్రంలో సన్న తీగ పెట్టి లోతు కొలువు. బోల్టు పొడవుగా ఉంటే ఇంకో మందపాటి వాషరు వెయ్యి. 30 నుంచి 35 ఫుట్ పౌండ్ల (బిగింపు బలం కొలత) దాకా బిగిస్తే చాలు. (రేపు ఎప్పుడైనా అల్యూమినియం బ్లాకు పట్టుకుంటే, బోల్టు లావుకి రెండు రెట్లు లోపలికి పోవాలి.)

బ్లాకు వెనక ఉన్న ఆరు రంధ్రాల్లో ఒకదానికొకటి వీలైనంత దూరంగా ఉన్న నాలుగు వాడు. ప్లేటు నడిమధ్యని క్రాంకుకి (పిస్టన్లు తిప్పే కింది ఇరుసు) ఎదురుగా పెట్టకు, క్రాంకుకీ దాని పైనున్న క్యాముకీ (వాల్వుల్ని కదిపే ఇరుసు) మధ్యలోకి రానివ్వు. హెడ్లున్న ఇంజన్ బరువు మధ్య క్రాంకు కన్నా పైనే ఉంటుంది. తిరిగే ఇరుసు దానికి కింద ఉంటే, లాక్ పిన్ను లాగగానే ఇంజను తనంతట తానే గిర్రున తల్లకిందులవుతుంది, తిప్పే కడ్డీని వదులుగా పట్టుకున్న చెయ్యి విరుగుతుంది. అందుకే కడ్డీ గట్టిగా పట్టుకోకుండా పిన్ను లాగొద్దు. తిప్పాక పిన్ను అవతలి రంధ్రంలోంచి బయటికి వచ్చిందో లేదో కంటితో చూడు. గేరు తలతో వచ్చే స్టాండు కాస్త ఖరీదు. హ్యాండిల్ వదిలినా ఇంజను ఆగిన చోటే ఆగుతుంది. ఎక్కువగా నువ్వొక్కదానివే పని చేస్తానన్నావు కాబట్టి డబ్బు సర్దుకోగలిగితే అదే తీసుకో.

స్టాండుకి ఎక్కించాక ఇంజన్ వెనక ముఖం నీకు కనపడదు, ఇది ముందే తెలిసుండాలి. క్రేన్‌కి వేలాడుతున్నప్పుడే ఆయిల్ పూర్తిగా వంపి, క్లచ్చూ ఫ్లైవీలూ తియ్యి. బ్లాకు వెనక మూడు ఆయిల్ దారుల ప్లగ్గులుంటాయి, అవి తీయకపోతే దారుల్లో బ్రష్ తిప్పలేవు, పాత బురద కొత్త బేరింగుల్లోకి వస్తుంది. బ్లాకు ఎక్కించే ముందే తీసి, కడిగాక, దించే రోజు బిగించు. వెనక ఆయిల్ సీలు విషయంలో మాత్రం నీ అదృష్టం. 1985 దాకా వచ్చిన 350కి సీలు రెండు ముక్కలు, ఇంజన్ తిరగేసి క్రాంకుని పట్టి ఉంచే వెనక మెయిన్ క్యాపు తీస్తే స్టాండు మీదే మార్చొచ్చు. 1986 నుంచి వచ్చినవాటికి ఒకే ముక్క, దాన్ని వెనక నుంచే నొక్కాలి, స్టాండు అడ్డం. బ్లాకు మీద నంబరు చూసి ఇంజను నిజంగా 1984దేనా అని ఒకసారి సరిచూసుకో, పాత ట్రక్కుల్లో ఇంజన్లు మారుతూనే ఉంటాయి.

ఎక్కించే రోజు అల్లుడుగారిని ఇంట్లో ఉండమను. 2 టన్నుల క్రేన్ అద్దెకి తెచ్చినా, చెయ్యి పూర్తిగా బయటికి లాగితే అది మోసేది అర టన్నే అవుతుంది. నీ ఇంజనుకి చాలు, అయినా కాస్త లోపలికే ఉంచు. చేతులు ముందు బ్లాకుకి బిగించి, ఆ తరవాత తలని స్టాండు గొట్టంలోకి తొయ్యి. ప్లేటు మీద నట్లన్నీ బిగిశాక క్రేన్ గొలుసు ఒక్కసారిగా వదలకు. నాలుగు వేళ్ళంత దించి ఆపి, ప్లేటుకీ చేతులకీ మధ్య సందు తెరుచుకుంటోందా అని చూడు. ఒక నిమిషం ఆగి ఇంకాస్త దించు.

హెడ్ బోల్టులు 65, మెయిన్ క్యాపులు 70 ఫుట్ పౌండ్లు. అవి బిగించేటప్పుడు చక్రాలకి లాక్ వేసినా స్టాండు జరుగుతుంది, ఒకరు అవతల వైపు కాలితో అదిమి పట్టుకోవాలి. స్పానరుని స్టాండు కాళ్ళ పొడవు దిశగా లాగు, పక్కకి లాగకు. జరపాల్సి వస్తే ముందు నేల ఊడ్చి, ఆ గాడి మీద రేకు ముక్క పరిచి, నిలువు పైపు నడుము దగ్గర పట్టుకుని మెల్లగా తొయ్యి. ఇంజన్ని పట్టుకుని ఎప్పుడూ లాగకు. వారాల తరబడి ఆపేసేట్టయితే బ్లాకు ముందు కొస కింద జాక్ స్టాండు పెట్టి, పైన ప్లాస్టిక్ సంచి తొడుగు.

మిగిలిన రెండింట్లో నీలం రంగుది పనికొచ్చేలా ఉంది గానీ, తల వెల్డింగు కింది వైపు ఫొటోలో రాలేదు. అది తీసి పంపు, డబ్బు కట్టకముందే.

అమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది.

నాన్న