ఏడు రోజుల క్యాంపు సరే, మిగతా ఏడాది సంగతి?

ఫిలడెల్ఫియా,
నవంబరు 2025

చి. తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. మొంథా తుపాను మన వైపు తీరం దాటే వేళకి మీకు రాత్రి, మాకు పగలు. ఆఫీసులో కూర్చున్నానన్న మాటే గానీ చేతులు ఆడలేదు. మర్నాడు అమ్మ గొంతు విన్నాకే ఇంత అన్నం తినబుద్ధయింది. పెరట్లో కొబ్బరిచెట్లు రెండు పోయినా ఇల్లు నిలబడింది, అదే పదివేలు. ఈ ఉత్తరం అమ్మకి నువ్వే చదివి వినిపించు. ఆవిడ కళ్లద్దాలు మార్పించమని మరదలికి చెప్పాను, నువ్వు కూడా గుర్తు పెట్టుకో.

అసలు సంగతికి వస్తాను. కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) బాధ్యత నీకు అప్పగించారని, వంద మంది వాలంటీర్లతో ఏం చేయించాలో తోచడం లేదని ఫోనులో అన్నావు కదా. ఇంతలో అమ్మ ఫోను తీసుకుని తుపాను కబుర్లు మొదలెట్టింది. ఫోనులో తేలే మాట కూడా కాదు ఇది. ఈ విషయంలో నాకు గట్టిగా అనిపిస్తున్నది ఒకటుంది. వివరంగా రాస్తున్నాను, విసుక్కోకుండా చదువు.

నేను వారానికోసారి ఇక్కడ వెస్ట్ ఫిలడెల్ఫియాలో ఒక ప్రభుత్వ బడికి వెళ్లి చిన్నపిల్లల చేత కథల పుస్తకాలు చదివిస్తున్న సంగతి నీకు తెలుసు. అమెరికాలో బడి అనగానే మన ఊళ్లో వాళ్లు అద్దాల మేడలు ఊహించుకుంటారు. శివారు ఊళ్లలో బళ్లు కొన్ని అలాగే ఉంటాయి కూడా. సిటీ బళ్ల సంగతి వేరు. ఫిలడెల్ఫియా ప్రభుత్వ బళ్లలో లక్షకు పైగా పిల్లలు చదువుతున్నారు. చాలా భవనాలు పాతవి. ఏసీలు సరిగా లేక, సెప్టెంబరులోనో జూన్‌లోనో ఎండ ముదిరిందంటే కొన్ని బళ్లలో పిల్లల్ని పెందరాళే ఇంటికి పంపేస్తారు. లైబ్రేరియన్లు లేక ఎన్నో బళ్లలో లైబ్రరీలు మూతపడ్డాయి. కొన్నిటిని ఊళ్లో వాళ్లే జీతం లేకుండా వచ్చి మళ్లీ తెరిచి నడుపుతున్నారు. పొద్దున్న టిఫిను, మధ్యాహ్నం భోజనం పిల్లలందరికీ బళ్లోనే ఉచితంగా పెడతారు. అది లేకపోతే పస్తుండే పిల్లలు ఇక్కడా ఉన్నారు.

ఆ బళ్లో ఎర్ర జాకెట్లు వేసుకుని పొద్దున్నే గేటు దగ్గర నిలబడే కుర్రాళ్లు, అమ్మాయిలు కొందరుంటారు. లోపలికి వచ్చే పిల్లల్ని పేరు పెట్టి పలకరిస్తారు. వాళ్లది సిటీ ఇయర్ అనే సంస్థ. 1988లో బోస్టన్‌లో మైకేల్ బ్రౌన్, అలన్ ఖాజీ అనే ఇద్దరు స్నేహితులు మొదలుపెట్టారు. పాతికేళ్ల దాకా వయసున్న యువత తమ బతుకులో ఒక ఏడాదిని ఒక బడికి ఇచ్చేస్తారు. 1993లో క్లింటన్ సంతకం పెట్టిన చట్టంతో అమెరికార్ప్స్ అనే ప్రభుత్వ పథకం వచ్చింది. దాని కింద వీళ్లకి చాలీచాలని భృతి, ఏడాది పూర్తిచేశాక చదువు ఖర్చులకి కొంత సొమ్ము ఇస్తారు. వాళ్లలో కొందరికి తరువాత టీచర్లు కావాలని ఉంటుంది. కొందరికి ఏం కావాలో ఇంకా తెలియదు. అయినా రోజూ వస్తారు. అదే నన్ను కట్టిపడేసింది.

నేను దగ్గర నుంచి చూసిన సంగతి ఒకటి చెబుతాను. మూడో తరగతి పిల్లాడొకడు ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవాడు. వచ్చేసరికి చదివించే పీరియడ్ సగం అయిపోయేది. చదువులోనూ వెనకే. ఒకరోజు ఆ ఎర్ర జాకెట్ల అమ్మాయి, ఇరవై ఏళ్లుంటాయేమో, గోడకి కోట్లు తగిలించే కొక్కేల కింద నేల మీద వాడి పక్కన కూర్చుంది. ఎందుకు లేటయిందని అడగలేదు. "పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏమేం చేశావో వరసగా చెప్పు" అంది. వాడు చెప్పాడు. వాళ్లమ్మది నైట్ డ్యూటీ. ఆవిడ ఇంటికి చేరేలోపు వాడే చెల్లెల్ని లేపి, బట్టలేసి, పక్కింటావిడకి అప్పగించి రావాలి. అన్నిటికంటే చెల్లెలి బూట్ల లేసులు కట్టడానికే టైం పడుతుందట, ముడి చిక్కుపడిపోతుందట. ఆ అమ్మాయి తన బూటు లేసు విప్పి వాడి చేతిలో పెట్టింది. వాడికి వచ్చే దాకా కట్టించింది. తరువాత టీచరుతో మాట్లాడి వాడి టిఫిను తీసి ఉంచే ఏర్పాటు చేసింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక వాడితో విడిగా కూర్చుని చదివించడం మొదలుపెట్టింది. ఇప్పటికీ అప్పుడప్పుడూ లేటవుతాడు గానీ చాలా రోజులు గంట కొట్టేలోపే వస్తున్నాడు.

టీచరు మంచావిడే. కానీ తరగతి నిండా పిల్లలు, ఆవిడ ఒక్కర్తి. కొక్కేల కింద అలా కూర్చునే తీరిక ఆవిడకెక్కడిది? ఈ ఎర్ర జాకెట్ల వాళ్లకి మాత్రం ఒక్కొక్కరికి కొద్దిమంది పిల్లల జాబితా ఉంటుంది. ఆ పిల్లల హాజరు, నడవడి, చదువు, ఈ మూడూ కనిపెట్టుకుని ఉండటమే వాళ్ల పని. ఈ మూడే ఎందుకంటే దానికో ఆధారం ఉంది. జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ పరిశోధకుడు రాబర్ట్ బాల్ఫాంజ్, ఆయనతో పాటు మరికొందరు, ఈ ఫిలడెల్ఫియా పిల్లల్నే ఆరో తరగతి నుంచి ఏళ్ల తరబడి గమనించి 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆరో తరగతిలో హాజరు 80 శాతానికి లోపు ఉన్నా, లెక్కల్లోనో ఇంగ్లీషులోనో ఫెయిలైనా, నడవడి బాగాలేదని అనిపించుకున్నా, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ పిల్లల్లో చాలామంది హైస్కూలు టైముకి పూర్తిచేయలేదని తేలింది. అంటే పిల్లాడు బడి మానేయడానికి ఐదారేళ్ల ముందే ఆనవాళ్లు కనబడుతున్నాయి. చూసే మనిషి ఉండాలి, అంతే.

ఇక్కడ అంతా ఇలాగే ఉందని అనుకోకు. జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ రోజు. 1994లో చట్టం చేసి దాన్ని దేశమంతటికీ సేవాదినంగా ప్రకటించారు. ఆ రోజు జనం బళ్లకి వచ్చి గోడలకి రంగులేస్తారు, పుస్తకాలు సర్దుతారు. మంచి పనే, నేనూ వెళ్తాను. కానీ మంగళవారం పొద్దున్న ఆ పిల్లల పక్కన కూర్చునే వాళ్లు మళ్లీ ఆ కొద్దిమందే. పక్క రాష్ట్రం మేరీల్యాండ్‌లో 75 గంటల సేవ ఉంటేనే హైస్కూలు డిప్లొమా ఇస్తారు. అక్కడ మన బాబాయి మనవడు గంటలు నింపుకోవడానికి ఎక్కడ దొరికితే అక్కడికి పరిగెడుతున్నాడు. ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ. వాణ్ని తప్పుపట్టను, అడిగింది గంటలే కాబట్టి వాడు గంటలే ఇస్తున్నాడు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఈ ఏప్రిల్‌లో అమెరికార్ప్స్ గ్రాంట్లు దాదాపు 40 కోట్ల డాలర్లవి ఒక్కసారిగా రద్దు చేశారు. దేశంలో ఎన్నో చోట్ల పనులు నడిమధ్యలో ఆగిపోయాయి. రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. పిల్లలకి అలవాటైన మనిషి సంవత్సరం మధ్యలో కనబడకుండా పోతే ఆ పిల్లలకి ఏం చెబుతాం? నువ్వు ఏది మొదలుపెట్టినా, వచ్చే గ్రాంటు మీద ఆధారపడని పని మొదలుపెట్టు.

ఇప్పుడు మన సంగతి. సేవ మన వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. 86 వరదలప్పుడు ఇంటింటికీ తిరిగి బియ్యం పోగుచేసి పులిహోర పొట్లాలు కట్టిన కథ నాన్న ఎన్నిసార్లు చెప్పారో నీకూ తెలుసు. మొన్న తుపానుకీ కుర్రాళ్లు రోడ్ల మీద పడ్డ చెట్లు నరికి దారి చేశారని విన్నాను. నీళ్లు వచ్చినప్పుడు ప్రాణం పెట్టేస్తాం. నీళ్లు తీశాక ఎవరి పని వాళ్లది. బడికి వచ్చే కష్టం అలాంటిది కాదు, అది ఏడాది పొడుగునా ఉండేది.

గోదావరి లంకల పిల్లల్నే చూడు. ఎర్రనీళ్లు వచ్చి కనకాయలంక దగ్గర కాజ్‌వే మునిగితే పడవ మీద రావాల్సిందే. కొందరు రారు. నీళ్లు తగ్గాక కూడా అందరూ వెంటనే రారు. ఇంక కువైట్, మస్కట్ వెళ్లిన తల్లుల పిల్లలు. మన వీధిలోనే ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకో. అమ్మమ్మ దగ్గర పెరుగుతారు. కడుపుకి లోటుండదు, ఒంటి మీద మంచి బట్టలే ఉంటాయి. హోంవర్కు చూసేవాళ్లు, ఇవాళ బళ్లో ఏమైందని అడిగేవాళ్లు ఉండరు. తల్లి ఫోను చేసేసరికి పిల్ల నిద్రపోతుంది. మీ రాజమండ్రి మున్సిపల్ బళ్లలోనూ పనికోసం పల్లెల నుంచి వచ్చినవాళ్ల పిల్లలే ఎక్కువ అన్నావు. వీళ్లకి వారం వారం వచ్చే అన్నయ్యో అక్కో ఒకరుంటే చాలు.

1969లో గాంధీగారి శతజయంతి ఏడాదిలో ఎన్‌ఎస్‌ఎస్ పెట్టినప్పుడు పెట్టుకున్న మాట "నేను కాదు, నువ్వు" అని. ఏడాదికి 120 గంటలు. శిక్షణకీ కాలేజీ పనులకీ పోగా 70 గంటలు ఊరి పనికి మిగులుతాయి. ఏడు రోజుల క్యాంపు దానికి అదనం. 70 గంటలంటే వారానికి రెండు గంటల చొప్పున 35 వారాలు. ఒక విద్యాసంవత్సరం దాదాపుగా సరిపోతుంది. వంద మందిలో అరవై మంది నిలబడినా, ఒక్కొక్కరికి నలుగురు పిల్లల్ని అప్పగిస్తే 240 మంది. పది బళ్లు తిరగొద్దు, కాలేజీకి నడిచి వెళ్లేంత దూరంలో రెండు బళ్లు చూసుకో. ఏడాది మధ్యలో పిల్లల్ని మార్చవద్దు. డిగ్రీ పిల్లలు చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుని కూడా దీనికే కలుపుకోవచ్చేమో మీ ప్రిన్సిపాల్‌గారిని అడుగు. ఇంటింటి సర్వే చేసి రికార్డు రాసి అటక మీద పడేసే బదులు ఇది చేస్తే ఎంత బాగుంటుంది!

ఏం చెప్పాలన్న దానికి బెంగపెట్టుకోకు. 1995లో ముంబై బస్తీల్లో మొదలైన ప్రథమ్ సంస్థ పద్ధతి తేలిక. పిల్లాణ్ని తరగతిని బట్టి కాకుండా, అక్షరం దగ్గర ఆగాడా, పదం చదవగలడా, పేరా చదవగలడా, కథ చదవగలడా అని చూసి అక్కణ్నుంచి మొదలుపెడతారు. నాలుగు నిమిషాల పని, ఏ డిగ్రీ పిల్లయినా చేయగలదు. మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటున్నాయి కదా, ముందు తెలుగు పేజీ గడగడా చదివించమను. పాఠం చెప్పే పని మాత్రం మీ వాళ్ల నెత్తిన పడనివ్వకు. టీచరు సెలవు పెట్టినరోజు క్లాసు వీళ్లకి అప్పగించడం మొదలైందంటే పని పాడైపోతుంది.

ఇంకొకటి, ఇది మొహమాటం లేకుండా చెయ్యి. నేను ఇక్కడ పిల్లల దగ్గర కూర్చోవడానికి ముందు పోలీసు రికార్డు, పిల్లల మీద అఘాయిత్యాల రికార్డు చూశారు, వేలిముద్రలు తీసుకున్నారు. పెన్సిల్వేనియాలో వాలంటీర్లకి ఆ రికార్డులు చూడటం చట్టం. అక్కడ అంత ఏర్పాటు లేకపోయినా, ఏ వాలంటీరూ పిల్లలతో తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదని, పిల్లల్ని ఇంటికి తీసుకెళ్లకూడదని, ఫోటోలు తీయకూడదని మొదటి రోజే చెప్పు. నోటుపుస్తకాలు పంచుతూ పిల్లల్ని వరసలో నిలబెట్టి తీసే ఫోటోలు చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

కుర్రవాళ్లు, నిలకడ ఉండదు అంటారు మీ స్టాఫ్ రూంలో. దుర్గాబాయి దేశ్‌ముఖ్ మన రాజమండ్రిలో పుట్టినావిడే. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు ఖద్దరు ప్రదర్శన దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్టు లేదని నెహ్రూగారినే ఆపేసింది. అప్పటికి ఆవిడకి 14 ఏళ్లు. ఆ చిన్న వయసులోనే ఆడపిల్లలకి హిందీ నేర్పడానికి బడి పెట్టింది. అప్పగిస్తే నిలబడతారు.

నిలకడకి అసలు ఉదాహరణ మన లంకల గన్నవరంలోనే ఉంది. డొక్కా సీతమ్మగారు ఒక పండగనాడు వెయ్యి మందికి పెట్టి ఊరుకుంటే 1909లో పోయిన ఆవిడ పేరు ఇవాళ ఎవరికి తెలిసేది? ఏ వేళ ఎవరొచ్చి తలుపు తట్టినా వండి పెట్టింది, రోజూ పెట్టింది. ఇప్పుడు బళ్లలో మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. మీ పిల్లలకి మొదటి మీటింగులో అమెరికా కబుర్లు చెప్పకు, ఆవిడ కథ చెప్పు.

సంక్రాంతి సెలవులయ్యాక మొదలుపెడితే పరీక్షల లోపు కొన్ని వారాలైనా దొరుకుతాయి. ఎవరు నిలబడతారో, ఎవరు జారుకుంటారో తెలుస్తుంది, జూన్‌లో పూర్తిగా పెట్టుకోవచ్చు. తెలుగు బొమ్మల కథల పుస్తకాలు ఎన్ని కావాలో, వాలంటీర్లకి ఆటో చార్జీలు, టిఫిను నెలకి ఎంతవుతాయో లెక్క వేసి రాయి. మీ బావతో మాట్లాడాను, మొదటి ఏడాది ఖర్చు మేం పెట్టుకుంటాం. వేసవిలో నీ మేనకోడలిని తీసుకుని వస్తాను. అది తెలుగు చదవడం నేర్చుకుంటోంది, దానికీ ఒక పిల్లని అప్పగించు.

అమ్మకి నమస్కారాలు. మరదలికి, పిల్లలకి దీవెనలు. ప్రిన్సిపాల్‌గారు ఏమన్నారో వెంటనే రాయి.

ఇట్లు,
నీ అక్క