బ్రేక్ ఆయిల్ బుకింగులు ఎందుకు ఆపానంటే

ఒంగోలులో మా షెడ్డుకు కారు తెచ్చేవాళ్లకూ, ఇంటికి పిలిపించుకుని బ్రేక్ ఆయిల్ మార్పించుకునేవాళ్లకూ ఈ నాలుగు మాటలు. శివరాత్రికి ముందు తీసుకున్న బుకింగుల్లో చాలావరకు వాయిదా వేశాను. కుర్రాళ్లు మానేశారనీ, పెద్ద పని దొరికి పాతవాళ్లను పక్కన పెట్టాననీ అనుకుంటున్నారట. రెండూ కావు. వచ్చిన సరుకు బాగాలేదు.

మేం వాడేది డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్, అరలీటరు డబ్బాలు. ఎప్పుడూ ఇచ్చే డీలరే ఈసారీ పంపాడు. మూత కింద రేకు సీలు గట్టిగా అంటుకుని ఉండాలి. కొన్నిటికి అంచు లేచిపోయింది. కొన్నిటికి తయారీ తేదీ మీద ఇంకో స్టిక్కర్ ఉంది, గోటితో గీకితే కింద పాత తేదీ బయటపడింది. ఒకటి విప్పి, ఆయిల్‌లో నీరుందేమో చూసే టెస్టర్ పెన్ను పెడితే ఎర్ర లైటు వెలిగింది. ఆ పెన్ను చెప్పిందల్లా నిజమని నేను అనను. కానీ అప్పుడే మూత తీసిన డబ్బాలో నీరుందని చూపిస్తే ఇంకేం ఆలోచించాలి? ఫోన్ చేస్తే ఆయన అన్నమాట ఇది: "ఏందన్నా, ఊరంతా ఇదే పోస్తన్నారు. నీ ఒక్కడికే ఈ పట్టింపు. బ్రేక్ పడతా ఉంది గదా!"

ఇన్నేళ్లలో ఆయనకు ఒక్క బిల్లు ఆపలేదు, ఒక్క రూపాయికి పేచీ పెట్టలేదు. పట్టింపు అన్న మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

బ్రేక్ పడుతుంది, నిజమే. ట్రంక్ రోడ్డు దాకా పోయొచ్చే బండికి తేడా తెలియదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 మరగాలంటే కనీసం 230 డిగ్రీల వేడి కావాలి. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155 డిగ్రీల దాకా దిగిపోవచ్చు. శ్రీశైలం నుంచి దోర్నాల వైపు ఘాట్ దిగేటప్పుడు ప్రతి మలుపులో పెడల్ మీదే కాలు ఉంటుంది. చక్రం దగ్గర ఆయిల్ మరిగిందంటే లోపల ఆవిరి చేరుతుంది. ఎంత నొక్కినా ఆయిల్ కుంచించుకోదు, ఆవిరి మాత్రం కుంచించుకుపోతుంది. పెడల్ కిందికి దిగిపోతుంది, బండి ఆగదు.

పాత లాట్‌లో మంచి డబ్బాలు కొన్నే మిగిలాయి. ఒక్కో కారుకు మొత్తం మార్చాలంటే లీటరు దగ్గర పడుతుంది. ఊళ్లో వేరే కొట్టుకు వెళ్తే అక్కడా అదే స్టిక్కర్. షోరూం కౌంటర్‌లో అడిగితే తమ సర్వీసుకే చాలడం లేదన్నారు. ముందు బుక్ చేసుకున్నవాళ్లకు ముందు చేయడం మా పద్ధతి. ఈ పద్ధతిని తెలిసినవాళ్ల కోసం కూడా ఎప్పుడూ మార్చలేదు. కానీ ముందున్నవాళ్లలో ఎక్కువమంది ఊళ్లో తిరిగేవాళ్లు. వెనకున్నవాళ్లు పిల్లల్నీ పెద్దల్నీ ఎక్కించుకుని శ్రీశైలం పోయేవాళ్లు. రాత్రి షెడ్డు మూశాక కూడా లిస్టు ముందు పెట్టుకుని కూర్చున్నాను. వరస తప్పించడానికి మనసొప్పలేదు, ఘాట్ ఎక్కే బండిని పాత ఆయిల్‌తో పంపడానికి అసలే ఒప్పలేదు. చివరికి ఉన్న డబ్బాలు ఘాట్ బండ్లకే ఇచ్చాను. మిగతావాళ్లందరికీ నేనే ఫోన్ చేశాను. లాయర్‌పేట మాస్టారు ఒకరు, "మొదట్నుంచీ నీ దగ్గరికే వస్తున్నా గదయ్యా, నన్నే ఆపుతావా?" అన్నారు. ఆయన కోపం న్యాయమే. అయినా మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ అదే చేస్తాను.

కొందరు బానెట్ కింద బ్రేక్ ఆయిల్ ఉండే పైడబ్బాలో పాతది సిరంజితో లాగేసి కొత్తది పోయమన్నారు. అలా చేస్తే చక్రాల దగ్గర బ్రేక్ ప్యాడ్లను నొక్కే కాలిపర్లలో పాత ఆయిలే ఉంటుంది. ముందు కాగేది అదే. ఆ పని మా చేతుల మీదుగా జరగదు.

ఇంట్లో మేమే చేసుకుంటాం అన్నవాళ్లను నేను వద్దనను. పైడబ్బాలో ఆయిల్ మినిమం గీత కిందికి పోనివ్వకండి. పోతే గాలి లోపలికి వెళ్తుంది. చక్రం దగ్గర పాత ఆయిల్ బయటికి వదిలే నిపుల్ బిగించేదాకా పెడల్ మీద కాలు తీయకూడదు, తొక్కే మనిషికి ముందే చెప్పి కూర్చోబెట్టండి. ఏ చక్రం ముందు అనేది మీ కారు సర్వీస్ మాన్యువల్ చూసి చేయండి, దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలన్న పాత లెక్క ఇప్పుడు అన్ని కార్లకూ వర్తించదు. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి. ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి వెళ్లిందంటే చాలా కార్లలో పెడల్ ఎంత తొక్కినా ఆ గాలి పూర్తిగా బయటికి రాదు. స్కానర్ పెట్టి ఆ యూనిట్‌లోని పంపు తిప్పాలి. అలాంటి బండిని నడిపి తీసుకురావద్దు, ఫోన్ చేయండి.

కాలిపర్, హోస్, మాస్టర్ సిలిండర్ మార్చిన బండ్లూ, ఎలక్ట్రిక్ హ్యాండ్‌బ్రేక్ ఉన్న బండ్లూ ఇకపై షెడ్డులోనే చేస్తాం. మామూలు ఆయిల్ మార్పు ఇంటి దగ్గరే. సీలు మీ ముందు తీస్తాం, ఖాళీ డబ్బా మీకే ఇస్తాం. కూలి పెంచలేదు, ఆయిల్ డబ్బా మీదున్న ధరకే. ఇంతకుముందు చేయించుకున్నవాళ్లు కంగారుపడొద్దు, వాటిలో పోసింది పాత లాట్. అనుమానం ఉంటే తెచ్చి ఉచితంగా చూపించుకోండి.

వేరే డీలర్ దగ్గర కొత్త సరుకు చెప్పాను. రాగానే మొదటి ఫోన్ వాయిదాపడ్డ వాళ్లకే, పాత వరసలోనే. ఆగలేనివాళ్లు అడ్వాన్సు వెనక్కి తీసుకోవచ్చు. చెడ్డ లాట్ మొత్తం తిప్పి పంపాను, డబ్బు ఇంకా రాలేదు. వచ్చినా సరే, ఆ డీలర్ దగ్గర ఇక ఎయిర్ ఫిల్టర్ కూడా కొనను.